అల్ ఖౌద్ ఇంట్లో మేము చుట్టాలం

మొన్న వదిన ఫోన్ చేసి, నిజ్వా కోట చూడ్డానికి వస్తున్నామనీ, మా ఇంట్లోనే దిగుతామనీ, "మనం మనం చుట్టాలమే కదా" అనీ నవ్వేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ సొంత వదినేమీ కాదు. మేము ఒమాన్‌లో కాపురం పెట్టిన కొత్తలో అల్ ఖౌద్‌లో ఎవరింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నామో, ఆ అన్నయ్యగారి భార్య.

విడిగా ఇల్లు తీసుకునే తాహతు అప్పట్లో మనలో ఎవరికుంది చెప్పండి! ఇల్లంతా అన్నయ్యగారి పేరున అద్దెకు ఉండేది. యజమాని, మేమంతా బాబా అని పిలిచే ఒమానీ పెద్దాయన, మొదటిసారి వచ్చి మేమెవరని అడిగితే అన్నయ్యగారు హిందీలో "మెహమాన్" అన్నారు. అంటే ఏమిటని నేనడిగితే, చుట్టాలని చెప్పార్లే అంది వదిన. నేనేమో, పిచ్చిదాన్ని, గోదావరి ఒడ్డు వదిలి ఇంత దూరం వచ్చినా మమ్మల్ని చుట్టాలనేవాళ్ళు దొరికారని పొంగిపోయి, ఆ పూటే సేమ్యా పాయసం కాచి బాబాకి కూడా గిన్నెడు ఇచ్చాను. నాలుగేళ్ళు ఒకే వంటింట్లో వండుకున్నాం. వదినకి జబ్బు చేసినప్పుడు ఆవిడ పిల్లలకి జడలు వేసి బడికి పంపింది నేనే.

తరవాత వదిన తమ్ముడు భార్యాబిడ్డలతో వస్తున్నాడని, మమ్మల్ని నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు. మా అమ్మాయికి పరీక్షలు, ఖురంలో దుకాణంలో పనిచేసే మావారికి ఉన్నపళంగా ఇల్లెక్కడ దొరుకుతుందని ఎంత బతిమాలినా వినలేదు. చివరికి బాబాకే మొరపెట్టుకున్నాం. అద్దెకున్నవాళ్ళని ఇలా వెళ్ళగొట్టడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదని ఆయన, పాపం, మా పక్షానే మాట్లాడి, వీళ్ళు అద్దె ఇస్తున్నారా లేదా అని అన్నయ్యగారిని నిలదీశాడు. నెలనెలా నా చేతినుంచి అద్దె అందుకున్న ఆ మనిషి నా మొహం చూడకుండా, "నహీ బాబా, మెహమాన్ హై" అన్నాడు. మెహమాన్ అంటే వచ్చి పోయేవాళ్ళనీ, వాళ్ళకి ఏ చట్టమూ అండగా నిలవదనీ నాకప్పుడు తెలిసింది. మన చుట్టమన్న మాటకీ ఆ అర్థం ఉంది కదా, నాకే తట్టలేదు. మావారు కుటుంబాల్ని ఉండనివ్వని కంపెనీ రూమ్‌కి వెళ్ళారు, నేనూ పిల్లా రాజమండ్రి వెళ్ళిపోయాం. మళ్ళీ ముగ్గురం ఒక ఇంట్లో కలవడానికి రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు నిజ్వాలో ఈ ఇల్లు మా పేరునే ఉంది. వదినని రావద్దనలేక పక్కలు సిద్ధం చేశాను. చుట్టాలొస్తున్నారంటే పొద్దుటినుంచీ వీధి గుమ్మంలోనే నిలబడే మనిషిని ఒకప్పుడు. మొన్న ఫోన్‌లో వదినని ఎప్పుడొస్తున్నారని అడగనే లేదు, ఎప్పుడు వెళ్తారనే అడిగాను.