నీ పాయింట్లు ఎదుటివాళ్లు చెప్పే మైదానం

పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి నాకు ఎదురు నిలబడి షటిల్ ఆడిన మనిషి సుధాకర్. బెంగళూరులో మా ఇళ్ల మధ్య నాలుగు వీధులే. నాలుగు నెలల కిందట మూడో గేములో, పందొమ్మిది–పందొమ్మిది దగ్గర, అతను కొట్టిన షటిల్ నా తల మీదుగా వెళ్లి గీత అవతల పడింది. "నీ రాకెట్‌కు తగిలింది కదా?" అని అడిగాడు. తగిలుంటే పాయింటు అతనిది. తగల్లేదన్నాను. ఇరవై నాదేనని గట్టిగా చెప్పాను కూడా. అతను రాకెట్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నేనూ పిలవలేదు, పంతానికి నేనేం తీసిపోను. ఆదివారాలు మాత్రం చప్పబడిపోయాయి. యాప్‌లో దొరికినవాళ్లతో ఆడితే ఆట అయిపోయేది గానీ ఆడినట్టుండేది కాదు. చివరికి ఒక శుక్రవారం సెలవు పెట్టి, నన్నెరగని ఊళ్లలో జోడీ వెతుక్కుందామని బయలుదేరాను.

తెల్లవారి ఐదున్నరకు బెంగళూరులో బస్సెక్కితే తొమ్మిది దాటేసరికి మదనపల్లెలో దిగాను. టికెట్టు మూడు వందల లోపే. షటిల్ కోర్టు ఎక్కడని ఆటో ఆయన్ని అడిగితే, నా సంచి వంక, ఎండ వంక చూసి నవ్వాడు. "ఇప్పుడు యాడ ఆడతారప్పా, అందురూ ఎనిమిదికే ఇండ్లకు పొయినారు" అన్నాడు. అయినా తీసుకెళ్లాడు. రేకుల కప్పు కింద ఉన్న ఆ కోర్టులో పశువుల మందుల కొట్టు నడిపే ఒకాయన ఒంటరిగా చెమట తుడుచుకుంటున్నాడు. గంటకు రెండు వందలు కట్టి ఇద్దరం ఒక గేము ఆడాం. ఇరవై ఒకటి–పన్నెండుతో నన్ను చిత్తు చేశాడు. నాకు సరైన జోడీ దొరకాలంటే సాయంత్రానికల్లా పుంగనూరు చేరమని, అక్కడ బాల్ బ్యాడ్మింటన్‌కు ఎప్పుడూ ఒక మనిషి తక్కువే ఉంటాడని చెప్పి పంపించాడు.

మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సులో గంట. దారంతా టమోటా తోటలు, వాటి వెనక బోడి రాళ్ల గుట్టలు. లాడ్జిలో సామాను పడేసి నాలుగున్నరకు మైదానం చేరాను. నేల మీద సున్నంతో గీసిన గీతలు, రెండు గుంజలకు కట్టిన నెట్టు, పసుపుపచ్చ ఉన్ని బంతి. ఒక్కో పక్క ఐదుగురు. మందుల కొట్టాయన చెప్పినట్టే ఒక పక్క నలుగురే ఉన్నారు. ఆ జట్టు పెద్ద రెడ్డెప్ప, అరవై దాటిన మనిషి. కురబలకోట పక్క నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ గొర్రెల కాపరి కుటుంబం వాళ్లది. పంచె ఎగ్గట్టి, నా చేతిలో ఒక పాత బ్యాట్ పెట్టి, వెనక కుడి మూల నిలబడమన్నాడు. ఇక్కడ ఆట ముప్పై ఐదుకు, సర్వీసు చేతిలో ఉన్న జట్టుకే పాయింటు, బంతి నేల తాకకూడదు. ఇంతే చెప్పాడు.

అసలు సంగతి చెప్పలేదు. మొదటి పాయింటు మాకు రాగానే అలవాటు కొద్దీ "ఒకటి" అని అరిచాను. ఆట ఆగిపోయింది. తొమ్మిది మంది నా వంకే చూశారు. తప్పేంటో నాకు తెలియలేదు. రెడ్డెప్ప దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు.

"మన పాయింట్లు మనం జెప్పకూడదప్పా. వాళ్లు జెప్తారు. వాళ్లవి మనం జెప్తాం. నీ లెక్క నువ్వే జెప్పుకుంటే ఎవురు నమ్మేది?"

అవతలి జట్టు నుంచి పాలకేంద్రం మునెప్ప "మీకు ఒకటి" అన్నాడు. ఆట మొదలైంది. గంటసేపు అలాగే సాగింది, ఓడుతున్నవాడి నోటే గెలుస్తున్నవాడి లెక్క. ఒక్కసారైనా గొడవ వస్తుందని ఎదురు చూశాను, రాలేదు. ముప్పై నాలుగు–ముప్పై మూడు, సర్వీసు మాది. రెడ్డెప్ప లేపిన బంతి మునెప్ప వెనక్కి పోయి, గీత దగ్గర దుమ్ములో పడింది. అది ఎక్కడ పడిందో అతనొక్కడికే తెలుసు. బయట పడిందనే మేమంతా అనుకున్నాం. మా ముందువరసవాడు సర్వీసు పోయిందని చేతిలో ఉన్న ఇంకో బంతిని నెట్టు మీదుగా విసిరేశాడు కూడా. మునెప్ప వంగి దుమ్ములో గుర్తు చూసి, "గీత మింద పడిండాది. మీకు ముప్పై ఐదు" అన్నాడు. ఓడినవాళ్లే నెట్టు విప్పాలి, ఇదీ అక్కడి పద్ధతే. ఆ మనిషే వెళ్లి ముడులు విప్పడం మొదలుపెట్టాడు. నలభై ఏడేళ్ల వయసులో ఇంత పెద్ద ఆట నేను చూడలేదు.

ఈ పద్ధతి ఎక్కడిదని అడిగితే రెడ్డెప్ప దాపరికం లేకుండా చెప్పాడు. వాళ్ల వయసు కాలంలో ఒక్క పాయింటు కాడ ఈ రెండు జట్ల వీధులకూ తగాదా వచ్చి, మూడేళ్లు ఆట నిలిచిపోయిందట. ఎవరి వీధిలో వాళ్లు ఆడుకుందామంటే రుచి లేకపోయిందట. చివరికి ఎవరి లెక్క ఎదుటివాళ్లే చెప్పాలని ఒప్పుకుని మళ్లీ కలిశారట. "గెలిసినామని జెప్పుకునేదానికైనా ఎదురు మనిషి ఉండాల గదప్పా" అన్నాడు. నేను నెట్టు రెండో కొస పట్టుకుని మునెప్పతో కలిసి మడిచాను.

మర్నాడు ఉదయం ఆరున్నర బస్సు, పలమనేరులో మారి, కుప్పం చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడి కోర్టు ఖాళీ. ఊడుస్తున్నామె "యాల ఇంత లేటుగా వస్తిరి? పొద్దున్నే రావాల గదా సార్" అంది. అరగంట గోడకేసి కొట్టాను. గోడ ప్రతి షటిల్‌నూ తిప్పి కొడుతుంది, దానికి అలుపు లేదు, కానీ ఎన్నయ్యాయో చెప్పదు. రాకెట్ సంచిలో పెట్టుకుని స్టేషనుకు నడిచాను. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని సుధాకర్‌కు ఫోన్ చేశాను.

"సుధా, ఆ రోజు తగిలింది. నాకు వినపడింది కూడా. నీకు ఇరవై, నాకు పందొమ్మిది."

సుధాకర్ అడిగింది ఒక్కటే: "సర్వీసు ఎవరిది?"

"నీదే" అన్నాను.

రెండు గంటల రైలు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. జోడీ కోసం మూడు ఊళ్లు తిరిగాను, వెతికిన మనిషేమో నాలుగు వీధుల అవతలే ఉన్నాడు. అబద్ధంతో తెచ్చుకున్న ఒక్క పాయింటు పదకొండేళ్ల ఆటను మింగేసింది, అది నాకు అర్థం కావడానికి దుమ్ములో వంగి గీత చూసిన మునెప్ప కావలసి వచ్చాడు. సిగ్గుపడ్డాను, అంతకంటే ఎక్కువ తేలికపడ్డాను.

మీరూ వెళ్తే ఒక్క మాట: ఈ ఊళ్లలో ఆట ఉదయం ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా, మధ్యలో వెళ్తే గోడే గతి. బ్యాట్ పట్టే ముందు ఆట ఎంతకని కాదు, స్కోరు ఎవరు చెప్తారని అడగండి. మేమైతే ఈ ఆదివారం ఆరింటికి కోర్టు తీసుకున్నాం. ఇరవై–పందొమ్మిది దగ్గర మొదలుపెడతాం, మొదటి సర్వీసు సుధాకర్‌ది.