దురాయి రోజుల్లో కొయ్యింగ పులుసు

వానలు పడి ఏటి నీళ్లు ఎర్రబారితే మా ఊరి మొగ తెగుతుంది. ఏరు సముద్రంలో కలిసే చోటును మేం మొగ అంటాం, మిగతా రోజుల్లో అది ఇసుక మేటతో పూడి ఉంటుంది. అది తెగగానే ఏట్లో బలిసిన కొయ్యింగ చేపలు కడుపునిండా గుడ్లతో సముద్రంలోకి పోతాయి. అవి అక్కడ గుడ్లు పెడితేనే మళ్లీ పిల్లలు ఏట్లోకి వస్తాయి. అందుకే ఊరి పెద్దలు దురాయి వేస్తారు. మొగ పూడేదాకా గుడ్డు చేపను ఎవరూ పట్టకూడదు. మా నాయన ఆ పెద్దల్లో ఒకడు.

మూడేళ్ల కిందట, దురాయి వేసిన వారానికి అక్క పురిటికి వచ్చింది. అంతకుముందు ఒక కడుపు పోయింది. ఈసారి అన్నం తిన్నా నిలవదు. బిడ్డ బరువు చాల్లేదని డాక్టరమ్మ చెప్పింది. అక్క నోరు తెరిచి అడిగింది ఒక్కటే, కొయ్యింగ గుడ్ల పులుసు.

"ఒక్క చేప నాయనా" అన్నాను.

"మొగ పూడనీ."

కడుపులో బిడ్డ అప్పటిదాకా ఆగుతుందా? నాయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాకు ఒళ్లు మండింది. మరునాడు బస్సెక్కి కావలి పోయి, మార్కెట్లో రెండు గుడ్డు కొయ్యింగలు కొనుక్కొచ్చాను. మన మొగలో పట్టనిదానికి మన దురాయి ఏమిటని నా లెక్క. అక్క పళ్లెం నిండా తినింది. కక్కుకోలేదు. ఆ కడుపులోని పిల్లే ఇప్పుడు మా వీధిలో అందరినీ కరుస్తోంది.

పులుసు వాసన వీధంతా పాకింది. సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. నేను బస్సు టికెట్టు చూపించాను.

"చిన్నమ్మి అబద్ధమాడదులే అన్నా, పోనీ" అన్నాడు ఒక పెద్దాయన.

నాయన ఒప్పుకోలేదు. "కొన్నదే. నాకు తెలుసు. రేపు ఇంకో ఇంట్లో గుడ్ల పులుసు కాగితే, ఆ చేప కొన్నదో పట్టిందో ఎట్టా చెప్తాం? నా బోటు ఎనిమిది దినాలు ఒడ్డునే ఉంటాది."

నిజం చెప్పినదానికి శిక్ష ఏమిటని ఇంటికొచ్చి అరిచాను. నాయన కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పోయి, చట్టి మీద మూత తీసి చూశాడు.

"ఇంకో చేప ఉందే. అక్కకి పెట్టు."

అక్క పళ్లెం ముందు తనే కూర్చున్నాడు. ముళ్లు ఒక్కొక్కటే ఏరి, గుడ్లు విడిగా తీసి అన్నం పక్కన పెట్టాడు. నేను అరవడం మానేశాను. అక్క తినడం అయ్యాక ఆయన లేచి, వేళ్లకంటిన పులుసు నాకకుండానే చెయ్యి కడుక్కున్నాడు.