మరక పోయిన అంగీ

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి. అది మాత్రం దిగదు, బయటికీ రాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇలా రాయాల్సిన పనే లేదు. నా పేరు అడగకండి. కల్వకుర్తిలో, శ్రీశైలం పోయే రోడ్డు మీద, మిక్సీలూ ఫ్రిజ్‌లూ అమ్మే దుకాణం నాది. ఊళ్లో నన్ను మంచివాడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడతాను.

ముందు నా కోపం సంగతి చెప్పాలి. చిన్నప్పుడు చెయ్యి పొడిచిందని ఒక కోడిపుంజును కాళ్లు పట్టి గోడకేసి కొట్టాను. అది చచ్చాక కూడా కొట్టాను. మా అవ్వ నా చేతిలోంచి దాన్ని లాక్కుని, "గీ పోరని చేతులు వాని మాటే ఇనవు" అంది. పెళ్లయిన కొత్తలో పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరాను. నా భార్య నుదుటి మీద ఆ గీత ఇంకా ఉంది. కోపం దిగాక ఏడ్చేవాణ్ని. ఏడుస్తున్నాను కాబట్టి లోపల మంచివాణ్నే అనుకునేవాణ్ని. ఏడుపుకు అంత విలువ ఎందుకిచ్చానో?

తొంభైల మొదట్లో మా దుకాణానికి బట్టలుతికే మిషన్లు వచ్చాయి. పై నుంచి మూత తెరిచి బట్టలు వేసే రకం. ఎవరూ నమ్మలేదు. బండకేసి బాదితేనే మురికి పోతుందని మావాళ్ల నమ్మకం. పైగా నీళ్ల కరువు. ఎండాకాలం బిందె నీళ్ల కోసం జుట్లు పట్టుకునే ఊళ్లో, తొట్టెడు నీళ్లు తాగే డబ్బాను ఎవరు కొంటారు? అందుకని నేనొక అబద్ధం తయారుచేశాను. రెండు బిందెల నీళ్లు చాలు, ఎన్ని బట్టలైనా కుక్కండి, తళతళలాడతాయి అని చెప్పడం మొదలుపెట్టాను.

అది నిజం కాదని నాకు తెలుసు. పట్నంలో కంపెనీ మనిషి మాకు నేర్పింది వేరు. బట్ట నీళ్లలో ఈదాలి, పైది కిందికీ కిందిది పైకీ తిరగాలి, అప్పుడే మురికి వదులుతుంది. కుక్కితే అడుగుబట్ట అడుగునే ఉండిపోతుంది. అసలే మా బోరు నీళ్లు చవుడు. సబ్బు నురగ పట్టదు, విరిగి తెట్టు కడుతుంది. ఆ నీళ్లు కూడా తక్కువైతే మురికి పోవడం అటుంచి, ఒక బట్ట మురికి ఇంకో బట్టకు అంటుతుంది. ఇవన్నీ తెలిసే అబద్ధం చెప్పాను.

ఆ మిషన్ మొదట కొన్నవాడు సత్తయ్య. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బడి. బస్సులు ఆగే చోట అతనికి చాయ్ హోటల్ ఉండేది. నా మాట మీదే కొన్నాడు. హోటల్ తువ్వాళ్లు, బల్లలు తుడిచే బట్టలు, వంటవాళ్ల బనీన్లు అన్నీ కుక్కి, రెండు బిందెలు పోసి, నేను చెప్పినట్టే ఉతికాడు. నెల తిరిగేసరికి హోటల్లో తెల్లబట్ట అన్నది లేకుండా పోయింది. అన్నీ చాయ్ రంగే.

ఒక సాయంత్రం. మరునాడు అంగడి, మా వారపు సంత. దుకాణం అరుగు మీద మిషన్ పెట్టి, మొదటిసారి జనం ముందు ఉతికి చూపించబోతున్నాను. ఆ సాయంత్రం సత్తయ్య వచ్చి ఒక తువ్వాలు నా బల్ల మీద పడేశాడు. "రేపు గీ బట్టలన్నీ తెచ్చి నీ అరుగు ముందర పరుస్త. జనమే చూడనీ" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. బెదిరించాడా, పరాచికమాడాడా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ రాత్రి మాత్రం నాకు బెదిరింపుగానే వినిపించింది. దుకాణం మూతపడుతుంది, ఊరు నవ్వుతుంది, అదీ నా భయం.

తెల్లవారుతుండగా హోటల్ వెనక దొడ్లోకి పోయాను. బతిమాలడానికే పోయాను. ఈ మాట మీరు నమ్మాలని లేదు, నేనే ఒక్కోసారి నమ్మను. ఇంకా ఎవరూ రాలేదు. సత్తయ్య వీపు నా వైపు ఉంది. మిషన్లోకి నడుం దాకా వంగి, అడుగున చిక్కుకున్న తువ్వాళ్లను పీకుతున్నాడు. పక్కన గంపలో అప్పటికే కొన్ని బట్టలు పిండి వేశాడు. వాటిని చూశాను. అంగడికి తేవడానికే తీస్తున్నాడు అనుకున్నాను. పొయ్యి పక్కన బొగ్గులు కదిపే ఇనుప చువ్వ ఉంది.

మొదటి దెబ్బకు తల వెనక పగిలింది. ఆ చప్పుడు నేను ఎవరికీ చెప్పలేను. అతను అరవలేదు, తలెత్తబోయాడు. తలెత్తితే నన్ను చూస్తాడు. అందుకని మళ్లీ కొట్టాను. మెడ మీద, భుజం మీద, మళ్లీ తల మీద. ఎన్ని కొట్టానో తెలియదు. వేళ్లు మిషన్ అంచును గీరి గీరి ఆగిపోయాయి. చెయ్యి నొప్పి పుట్టాక ఆపాను, జాలి పుట్టి కాదు. అతను సగం లోపల, సగం బయట వేలాడుతున్నాడు. లోపల నీళ్లు ఎర్రబడ్డాయి. అవి రెండు బిందెల నీళ్లే. నిండుగా ఉంటే ముఖం మునిగి అక్కడే పోయేవాడు. నా అబద్ధమే అతని ప్రాణం నిలబెట్టింది. దీనికి నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు.

చువ్వను బొగ్గుల్లో గుచ్చి వచ్చేశాను. నా తెల్ల అంగీ ముందంతా రక్తం. ఇంటికి పోతే భార్య చూస్తుంది. వెనక సందులోంచి దుకాణంలోకి దూరి, కంపెనీవాళ్లు ఇచ్చిన నీలం అంగీ తొడుక్కున్నాను. రక్తపు అంగీని అరుగు మీది మిషన్లో వేశాను. ఈసారి అంచు దాకా నీళ్లు పోశాను. చన్నీళ్లే. పచ్చి రక్తం చన్నీళ్లకే వదులుతుందని కంపెనీ మనిషి చెప్పింది గుర్తుంది. అంత రక్తం చూశాక కూడా అది గుర్తుంది. నేనెలాంటి మనిషిని?

మిషన్ తిరుగుతుండగానే అంగడి జనం మూగారు. ఎవరో మూత ఎత్తి, నీళ్లు ఎర్రగా ఉన్నాయేమిటన్నారు. యాటపోతును కోస్తుంటే పడిందని చెప్పాను. మాట తడబడలేదు. చివరికి ఒక పెద్దాయన తీసి చూపెట్టమన్నాడు. ఆ నీళ్లు వదిలి, మళ్లీ నింపి జాడించి, అంగీని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. తెల్లగా ఉంది. గుండీల పట్టీ దగ్గర కూడా మరక లేదు. జనం చప్పట్లు కొట్టారు. మీకు నిజమే చెబుతున్నాను కదా, ఆ క్షణంలో నాకు గర్వం కలిగింది. చూశారా, నా మిషన్ ఎంత బాగా ఉతుకుతుందో అనుకున్నాను.

అప్పుడే అనసూయ పరుగెత్తుకుంటూ వచ్చింది. సత్తయ్య భార్య. పాలు తీసుకుని హోటల్‌కు వచ్చి చూసిందట. సామాను మోసే ట్రాలీ ఆటో ఊళ్లో నా ఒక్కడికే ఉంది. అందుకే నా దగ్గరికి వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, నీ దోస్తును ఎవడో సంపిండే. ఊపిరైతే ఉన్నది. ఆటో తియ్యవా, దవాఖానకు పోదాం."

"పా, పోదాం పా."

"నెత్తికి కట్టనీకి బట్ట కావాలె. హోటల్ల బట్టలన్నీ మురికే." నా చేతిలో అంగీని చూసింది. "గది ఉతికిందేనా అన్నా?"

"ఉతికిందే."

నా చేతిలోంచి తీసుకుంది. తీసుకుపోయి సత్తయ్య తలకు చుట్టింది, అంగీ చేతులు రెండూ గడ్డం కింద ముడేసింది. పట్నం దవాఖాన దాకా నేనే ఆటో నడిపాను. దారిలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అంగీ మళ్లీ ఎర్రబడింది. అదే అంగీ, అదే రక్తం.

పోలీసులు సత్తయ్య తమ్ముడు మల్లేశాన్ని పట్టుకుపోయారు. హోటల్ జాగా గురించి అన్నదమ్ములకు తగాదా ఉండేది. స్టేషన్లో తలకిందులుగా వేలాడదీసి అరికాళ్ల మీద కొట్టారు. అతని అరుపులు రోడ్డు మీదికి, నా దుకాణం దాకా వినిపించేవి. నేను దుకాణంలో కూర్చుని విన్నాను. రేడియో గొంతు పెంచాను. సాక్ష్యం దొరక్క వదిలేశారు కానీ, అప్పటికి అతని కుడికాలు వంకరపోయింది. అనసూయ బజారులో అందరి ముందు చెప్పు తీసుకుని అతన్ని కొట్టింది, దుమ్మెత్తి పోసింది. మల్లేశం కుంటుకుంటూ బొంబాయి బస్సెక్కాడు. నేను అనసూయను పట్టుకుని ఓదార్చాను.

సత్తయ్య బతికాడు. మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. హోటల్ ముందు బల్ల మీద కూర్చోబెట్టేవాళ్లు. నేను రోజూ పోయి చాయ్ తాగించేవాణ్ని. ఒకరోజు ఎడమచేత్తో నా అంగీ గల్లా పట్టుకున్నాడు. వదలలేదు. ఊపిరాడలేదు నాకు. చూసేవాళ్లు, దోస్తంటే ఎంత పావురమో, ఎంత ప్రేమో అని నవ్వారు. అతని కళ్లలోకి చూశాను. తెలుసా? తెలియదా? తెలిసే పట్టుకున్నాడా? నేనే వేళ్లు ఒక్కొక్కటిగా విప్పుకున్నాను. తర్వాతి ఎండాకాలం పోయాడు. కబురందినా మల్లేశం రాలేదు. వస్తే కాళ్లు విరగ్గొడతానని అనసూయ చెప్పి పంపింది. ఒక కాలు ముందే విరిగింది కదమ్మా అని నేను అనలేదు. పాడె మోసిన నలుగురిలో నేనూ ఉన్నాను.

ఆ అంగీని, దవాఖాన నుంచి తిరిగొచ్చినప్పుడే, అనసూయ బండకేసి ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిచ్చింది. ఈసారి ఉతికేసరికే రక్తం ఎండిపోయింది. భుజం దగ్గర తుప్పు రంగు మరక ఉండిపోయింది. ఎంత ఉతికినా పోలేదన్నా, ఏమనుకోకు అంది. ఆ రోజు జనం చూసింది మరక పోయిన అంగీని. నా బీరువాలో ఉన్నది మరక ఉన్న అంగీ.

ప్రతి రాఖీ పండక్కు అనసూయ వచ్చి నా చేతికి, ఆ చేతికే, రాఖీ కడుతుంది. మొన్న కడుతూ అంది, "తోడవుట్టినోడు కొట్టిండు, పుట్టనోడు కట్టు కట్టనీకి బట్టిచ్చిండు. గిదేం సుట్టరికమో దేవునికే తెల్వాలె." నా భార్య కళ్లు తుడుచుకుంది. నేను అనసూయ చేతిలో చీర పెట్టాను. నోరు తెరిచాను కూడా. మిఠాయి పెట్టింది.

ఆమెకు చెప్పగలనా? మల్లేశానికి ఉత్తరం రాయగలనా? అడ్రసు కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఇవాళ్టి వరకు కనుక్కోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, ఉన్నవాళ్ల దగ్గరికి నేను పోలేదు. ఇది ఒక్కటి చెప్పనివ్వండి. ఇన్నేళ్లలో మొదటిసారి రాస్తున్నాను, రాస్తుంటే గొంతులో ఏదో కదిలింది.

కొట్టింది మల్లేశం కాదు. నేను.