కొలత చెప్పే భాష

ఇది మహాకావ్యం. ఇందులో యుద్ధాలు, శపథాలు అన్నీ ఉంటాయి. అబద్ధం లెండి. ఏలూరులో ఒక టైలరుగారు నా చొక్కాకి కొలతలు తీసుకున్నారు, అంతే.

ఆయనకి మాతో తెలుగు, ఇంట్లో ఉర్దూ. "చేతులు కాస్త పైకెత్తండి బాబూ" అని నాతో అంటూనే, తలైనా తిప్పకుండా కొలతని ఉర్దూలో కేకేసేవారు. తెర వెనక ఆయన భార్య అదే మాట తిరిగి పలికి, పుస్తకంలో రాసేవారు.

ఆవిడ పోయాక మొదటిసారి వెళ్ళాను. ఛాతీకి టేపు చుట్టి "చాలీస్" అని కేకేశారు. తెర వెనక ఎవరూ లేరు. ఇంకాస్త గట్టిగా "చాలీస్" అన్నారు. ఊపిరి వదిలితే కొలత మారిపోతుందని నేను బిగబట్టి నిలబడ్డాను.

చివరికి, "నాకు చెప్పండి, నేను రాస్తానండీ" అన్నాను.

నలభై అనడానికి నోరు తెరిచారు. మాట రాలేదు.

"ముప్పై ఏళ్ళుగా కొలతలు ఆవిడకే చెప్పానండీ. తెలుగులో ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు, చక్కటి తెలుగులో.

పుస్తకం అందుకుని నలభై అని రాశాను. దానికి పైనున్నదంతా ఆవిడ చేతిరాతే.

చొక్కా శుక్రవారానికి ఇస్తానన్నారు. ఆ పై మంగళవారం ఇచ్చారు.