కరుణ ఇంట్లో నా ప్రయాణ ప్రార్థన

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ముందే చెప్పేస్తున్నాను, నాకు క్యాన్సర్ రాలేదు, మా ఆయన తాగడు, మా గుమ్మం ముందు అప్పులవాళ్లెవరూ నిలబడలేదు. మన సంఘ పత్రిక చూసే తమ్ముడు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం రాయమన్నప్పుడు "నా దగ్గర ఏమున్నది తమ్మీ గంత పెద్ద సాక్ష్యం?" అని తప్పించుకోబోయాను. కానీ ఆరేళ్లపాటు సొంత చెల్లెలితో ఒక్క మాట మాట్లాడకుండా, ప్రతి ఆదివారం ఒకే మందిరంలో ఆమె ముందు చాప మీద, నేను వెనక చాప మీద కూర్చుని, ఒకే పాట పాడి, ఒకే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుని, ఆరాధన కాగానే ఆమె ఒక గేటులోంచి, నేను ఇంకో గేటులోంచి బయటపడ్డానంటే అది జబ్బు కాక మరేమిటి చెప్పండి! సమాధానపడమని చెప్పే వాక్యం వస్తే చాలు, నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చునేదాన్ని. ఇరవై ఆరేళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా, తర్వాత నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్‌గా పనిచేసి ఎన్ని మొండి రోగాలు చూశానో, నాలో ఉన్నదాన్ని మాత్రం చూడలేదు.

ఆ జబ్బు మొదలైంది మా అమ్మ సమాధి రాయి దగ్గర. అమ్మ మంచాన పడ్డ మూడేళ్లూ మా చెల్లెలు కరుణ దగ్గరే ఉంది. అమ్మ పోయాక రాయి కూడా కరుణే వేయించింది. నేను వెళ్లి చూద్దును గదా, అడుగున "దుఃఖముతో" అని చెక్కి కరుణ పేరు, ఆమె భర్త పేరు, పిల్లలిద్దరి పేర్లు ఉన్నాయి, నా పేరు లేదు! పెద్ద కూతురిని నేను! అడిగితే "మేస్త్రికి రాయి మీద జాగ సాల్లేదంట" అంది. రెండు పావురాలు చెక్కడానికి జాగా ఉంది, ద్రాక్షగుత్తికి జాగా ఉంది, సుశీల అనే మూడక్షరాలకు లేదట! అక్కడే, సమాధుల మధ్య నిలబడి "ఇగ నీ గడప తొక్కితే చూడు" అన్నాను. "తొక్కకు, ఎవలు రమ్మన్నరు?" అంది. అంతే. యాకుత్‌పురా స్టేషన్‌కు ఈ పక్క మేము, ఆ పక్క వాళ్లు, మధ్యలో పట్టాలు, ఆ పట్టాలకు ఆరేళ్ల తుప్పు.

అలాంటి రోజుల్లో దేవుడు ఒక ద్వారం తెరిచాడు. జాంబియా దేశంలో ఒక మిషన్ ఆసుపత్రి వాళ్లు నర్సింగ్ పాఠాలు చెప్పడానికి అనుభవమున్నవాళ్లు కావాలన్నారు, నేను రాశాను, వాళ్లు రమ్మన్నారు, మా ఆసుపత్రిలో ఏడాదిన్నర సెలవు కూడా దొరికింది. మందిరంలో అందరూ సేవ, సేవ అని చప్పట్లు కొట్టారు. ఇవాళ నిజం చెబుతున్నాను, ఆ ఉత్తరం చదవగానే నాకు తట్టిన మొదటి సంగతి సేవ కాదు, ఏడాదిన్నర కరుణ మొహం చూడక్కర్లేదు అని!

ఇక మొదలైంది నా శ్రమ. వీడ్కోలు అంటే కన్నీళ్లనుకున్నాను, వీడ్కోలు అంటే చికెన్ అని ఈ నెలలోనే తెలిసింది. పదకొండు ఇళ్లలో ప్రయాణ ప్రార్థనలు, పదకొండు ఇళ్లలో బగారా అన్నం, చికెన్, వద్దంటే "ఆడ దొరకదక్కా, తినుర్రి" అని ఇంకో గరిటె. మోకాళ్ల మీద కూర్చోబెట్టి తల మీద చెయ్యి పెట్టి "తండ్రీ, దూరదేశం పోతున్న మా అక్కను కాపాడు" అని ఒక్క ముక్క నాకోసం, తర్వాత అరగంట వాళ్ల అల్లుడి బదిలీ కోసం, బోరులో నీళ్ల కోసం, పై వాటాలో కిరాయికున్నవాళ్లు ఖాళీ చేయాలని! ఒక పెద్దాయన "జాంబియా దుబాయ్ దాటినంక వస్తదా బిడ్డా? వచ్చేటప్పుడు నాకొక సెంటు సీస తే" అన్నాడు. ఇంట్లో మా ఆయన ఇంకొక శ్రమ. బేగంబజార్ వెళ్లి ఇడ్లీ పాత్ర, చపాతీ కర్ర, చింతపండు, ఎండుమిర్చి మోసుకొచ్చాడు. "గక్కడేం దొరుకుతదో ఏమో" అంటూ సూట్‌కేసు మూత పడక దాని మీద ఎక్కి కూర్చున్నాడు, నేను కోపంతో పక్క గదిలో కూర్చున్నాను. పక్కింటి నూర్జహాన్ భాబీ ఒకతే ఏమీ తెమ్మనలేదు, ఏమీ పెట్టలేదు. గోడ అవతలి నుంచి "క్యా ఆపా, సగీ బహెన్ కు మిలే బగైర్ జారే?" అంది. సొంత చెల్లెలిని కలవకుండానే పోతున్నావా అని. ఆ పూట వండిన కూరలో నేను ఉప్పు వేయడం మరిచాను.

చివరగా సంఘమంతా కలిసి శుక్రవారం గృహకూడికలో నన్ను సాగనంపాలని మన పాస్టరు అయ్యగారు ప్రకటించారు. గృహకూడిక వారానికొక ఇంట్లో, మందిరం గోడకు అంటించిన వరుస ప్రకారం జరుగుతుందని మీకు తెలుసు. వెళ్లి చూశాను. ఆ శుక్రవారానికి ఎదురుగా కరుణ ఇల్లు!

పరుగెత్తుకుంటూ అయ్యగారి దగ్గరికి పోయాను.

"అయ్యగారూ, ఈ వారం మా ఇంట్ల పెట్టుకుందాం."

"వరుస మారిస్తే మస్తు లొల్లి అయితదమ్మా. పోయినేడు ఒక్కపారి మార్చిన, ఆ ఇంటోళ్లు ఇప్పటికీ నాకు వందనం చెప్తలేరు."

"గట్లయితే నేను రాను."

"నువ్వే రాకుంటే మేం ఎవల నెత్తి మీద చెయ్యి వెట్టి ప్రార్థన చెయ్యాలె?"

తర్వాతి వారం ఎవరిదో వాళ్లింటికి వెళ్లి మార్చుకుందామని బతిమాలాను, ఇంకా గోడలకు సున్నం వేయలేదంది ఆవిడ. నా వీడ్కోలుకు సున్నం అడ్డం! ప్రభువా, నీకు నా మీద ఇంత పట్టుదల ఏమిటి అని ఆ రోజు నిజంగానే దేవునితో పోట్లాడాను.

శుక్రవారం సాయంత్రం మా ఆయన ముందు, నేను వెనక, స్టేషన్ వంతెన దాటి వెళ్లాం. ఇల్లంతా మనుషులు. అమ్మ మంచం తీసేశారు గాని, గోడకు అమ్మ తల ఆనిన చోట నూనె మరక అలాగే ఉంది. దాన్ని చూడకుండా మోకరించాను. మన ఆనవాయితీ ప్రకారం ఇంటావిడే మొదట ప్రార్థించాలి. కరుణ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. ఆరేళ్లలో ఆమె నన్ను తాకడం అదే మొదలు.

"మహోన్నతుడవైన తండ్రీ, నీ ఘనమైన నామమునకు స్తోత్రములు చెల్లించుచున్నాము, ఈ ప్రయాణమును నీ చేతులకు అప్పగించుచున్నాము" అని అందరిలాగే మొదలుపెట్టింది, పెట్టి ఆగిపోయింది. మళ్లీ మామూలు మాటల్లోకి దిగింది. "ప్రభువా, ఈమె ఆరేండ్లసంది నా గడప తొక్కలే. రెండు గల్లీల దూరం రానామె ఇప్పుడు సముద్రం దాటి పోతదంట."

వెనక నుంచి ఎవరో "ఆమేన్" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అమ్మను మూడేండ్లు నేనే లేవట్టిన, నేనే పండవెట్టిన. ఊరోళ్ల అమ్మలందరికి సూదులేసే మా అక్క మా అమ్మకాడికి సుట్టమొచ్చినట్టు వచ్చిపోయేది. స్తోత్రం ప్రభువా."

ఊరుకుంటానా! నేనూ కళ్లు మూసుకునే గొంతెత్తాను. "ప్రభువా, నీకు అన్నీ తెలుసు, నైట్ డ్యూటీలు చేసుకుంట నెలనెలా మందులు ఎవలు మోసుకొచ్చిండ్రో నీకు తెలుసు!"

"మందులు ఇచ్చిపోతే అయిపాయెనా తండ్రీ? అమ్మ దినాం తలుపు దిక్కే చూసేది!"

"రాయి మీద నా పేరు లేకుంట చేసినోళ్లను నువ్వే అడుగు తండ్రీ!"

ఆమేన్‌లు ఆగిపోయాయి. కరుణ నా తల మీద చెయ్యి తీయకుండానే నెమ్మదిగా అంది, "ప్రభువా, మేస్త్రికి జాగ సాల్లేదని నేను అబద్ధం చెప్పిన. పేర్ల చీటి నేనే రాసిచ్చిన. అక్క పేరు మర్చిపోలే, కావాలని ఇడిచిపెట్టిన. అమ్మ పానం పోతుంటే మూడుసార్లు ఫోన్ చేసిన, అక్క రాలే. గందుకే రాయలే. నన్ను క్షమించు."

సహోదరులారా, ఆరేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అదే! గెలిచాను! అంతమంది ముందు గెలిచాను! కానీ నా నోట వచ్చింది వేరే. దాన్ని నేను అనలేదు, దేవుడే నా చేత అనిపించాడు.

"ప్రభువా, ఆ దినం డ్యూటీల ఉన్ననని అందరికి చెప్పిన. నేను డ్యూటీల లేను. ఫోన్ రాంగనే దవాఖానోళ్లు నన్ను పంపిచ్చిండ్రు. ఆటోల యాకుత్‌పురా దాంక వచ్చిన. వచ్చి స్టేషన్ల బెంచి మీద కూసున్న. ఎంతమంది పానం పోతుంటే చేతులు పట్టుకున్ననో, మా అమ్మ చెయ్యి పట్టుకోనీకి నాకు ధైర్యం సాలలే. భయమైంది తండ్రీ. కరుణ ఒక్కతే పట్టుకున్నది."

ఈ సంగతి పక్కనే ఉన్న మా ఆయనకు కూడా అప్పటిదాకా తెలియదు. ఆరేళ్లు నేను చెల్లెలి మీద కోపమని మోసినదంతా ఆ బెంచి మీద కూర్చున్న సిగ్గేనని నాకూ ఆ క్షణానే తెలిసింది. మా అయ్యగారు ముప్పావుగంటకు తక్కువ ప్రార్థన చేయగా మీరెవరైనా చూశారా? ఆ రోజు ఆయన "ఆమేన్" అని ఒక్క మాటతో ముగించారు. ఇది కూడా ఒక అద్భుతకార్యమే!

కళ్లు తెరిచాను. కరుణ మొహమంతా తడిసి ఉంది, నాదీ అంతే. "లే అక్కా, మోకాళ్లు నొస్తయి" అంది. నన్ను లేపి కూర్చోబెట్టి, పన్నెండోసారి బగారా అన్నం, చికెన్ పెట్టింది. తిన్నాను, ఏం చేయను!

"ఎప్పుడు పోవుడు?" అంది.

"మంగళారం పొద్దుగాల."

"నేనొస్త ఎయిర్‌పోర్ట్ దాంక."

"ఎందుకే గంత దూరం? వద్దు."

"నువ్వు గా దేశం దాంక పోతవు, నేను శంషాబాద్ దాంక రావొద్దా?"

"ఒక్కసారి చెప్తే అర్థం కాదా నీకు? వద్దంటే వద్దు!"

"నేనొస్తనంటే వస్త, ఏం చేస్తవ్?"

చేతిలో పళ్లేలు పట్టుకుని సంఘమంతా మమ్మల్నే చూస్తోంది. మా ఆయన తల వంచుకుని నవ్వుకుంటున్నాడు.

నా కోపమంతా పోయిందని అబద్ధం చెప్పను, నిన్ననే సూట్‌కేసులో మళ్లీ దూరిన చపాతీ కర్ర దగ్గర మా ఆయన మీద అరిచాను. ఆయన ఇంకా నా మీద పని చేస్తూనే ఉన్నాడు, దేవుడి సంగతి చెబుతున్నాను. కానీ ఆ పాత జబ్బు నుంచి నన్ను విడిపించాడు. ఈ మాటలు చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నీకూ మాటలు లేని అన్నో, వదినో, తోటికోడలో ఉంటే నాలాగా విమానం టికెట్ వచ్చేదాకా ఆగకు. ఎదురుగా నిలబడి చెప్పలేకపోతే కళ్లు మూసుకుని దేవునితోనే చెప్పు, పక్కనున్న మనిషికి వినబడేంత గట్టిగా చెప్పు. ఆయన మీద భారం వేసి చూడు, సిగ్గుపడనివ్వడు.

మంగళవారం రావద్దని కరుణకు నిన్న ఫోన్ చేసి మరీ చెప్పాను. వింటే కదా! నేను పోయొస్తాను, నాకోసం ప్రార్థించండి. మా చెల్లెలితో కళ్లు తెరిచి కొట్లాడే భాగ్యాన్ని నాకు తిరిగి ఇచ్చిన దేవునికే మహిమ!