మెట్టయిన వీరగల్లు

ముళబాగిలులో బస్సెక్కి కూర్చున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ ఒడిలో చెంబు ఉంది. ఆవు ఈనిందట. మొదటి పాలు మా ఊరి వీరగల్లుకు, వీరుడి బొమ్మ చెక్కిన పాత రాతికి, పోయడానికి తెస్తోంది.

"చోళుల కాలంలో దొంగలు ఆవుల్ని తోలుకపోతా ఉంటే అడ్డం పడి సచ్చినాడంటప్పా ఆ రాతిమీద ఉండే ఆయప్ప. పోయినసారి పాలు పోయలేదు, దూడ దక్కలేదు."

ఆ రాయి ఇప్పుడు నిలబడి లేదు. పాత శివాలయం బాగుచేయించినప్పుడు, కమిటీలో ఉన్న నేనే దాన్ని బోర్లా వేయించి వాకిట మెట్టు చేయించాను. కొలత సరిపోయింది, అంతే.

ఊరు వచ్చేలోగా ఆమెకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"పండబెట్టినారా? ఇంగ పోనీలేప్పా, అన్నేండ్లు నిలబడి ఆయప్పకూ కాళ్లు నొచ్చింటాయి. యాడుండాడో చూపించు."

చూపించాను. మెట్టు మీద పాలు పోసి దండం పెట్టుకుంది. తర్వాత, ఎవరైనా జారిపడతారని, తడి పోయేదాకా కొంగుతో తుడిచింది.

నేను ఇప్పటికీ ఆ మెట్టు తొక్కను, దాటి లోపలికి వెళ్తాను. దాన్ని లేపి నిలబెడదామని మాత్రం కమిటీలో ఇంకా నోరు తెరవలేదు.