పొగ లేని బేరం

1998 డిసెంబర్. మాదాపూర్ గుట్టల మధ్య గుండ్రటి అద్దాల మేడ కొత్తగా తెరిచారు. అక్కడికి కాస్త దూరంలో, కొండాపూర్ వైపు, నిన్నటిదాకా జొన్న చేలున్న చోట నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. రోడ్డు ఇంకా మట్టిదే. వీధి స్తంభాలున్నాయి, దీపాల్లేవు. ఆ ప్రాంతపు మునిసిపాలిటీలో నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. పేరు గంభీరంగా ఉంటుంది గానీ పనంతా చెత్త, మురుగు, దోమలు, చచ్చిన గొడ్లు, వీటన్నిటి మీదా బతికున్న మనుషులు రాసే ఫిర్యాదులు.

మాది బేగంబజార్‌లో కిరాణా కుటుంబం. ఇంట్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు బేరం పట్టుబడేది. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మా నాన్న, "దుకాణం లేకుండానే యాపారం దొరికింది వీనికి" అన్నాడు. నిజమే. ఫైన్ రాయడం నాకు చేతకాదు. తగువులో ఉన్న అందరికీ తలా కొంత లాభం చూపించి, నవ్వుతూ సంతకాలు పెట్టించడంలో మాత్రం నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. బేరమాడి ఊరికే రాబట్టిన కొత్తిమీర కట్ట ఇంటికి తెస్తే, మా ఆవిడ విప్పి లోపలి కుళ్లు చూపించేది. అయినా నమ్మకం చెదరలేదు.

హైదరాబాద్‌లో చలేముంటుంది అనేవాళ్లు ఆ రోజుల్లో ఆ గుట్టల దగ్గర ఒక్క రాత్రి పడుకుని చూడాల్సింది. అడ్డుగా చెట్టు లేదు, గోడ లేదు. బండల మీదుగా గాలి ఎముకల్లోకి వచ్చేది. అందుకే మా ఆఫీసు ఏటా డిసెంబర్‌లో ఆటోకి మైకు కట్టి చలికాలం జాగ్రత్తలు చెప్పించేది. టైర్లు కాల్చరాదు, ఎండుటాకులు తగలబెట్టరాదు, వృద్ధులు తెల్లవారుజామున బయటికి రారాదు. ఆ కాగితం రాసింది నేనే. ఒకసారి రాశాక ఏటేటా పైన సంవత్సరం మాత్రం మార్చేవాణ్ని.

ఆ నెల రెండో వారంలో విశ్వనాథం గారు ఆఫీసుకొచ్చారు. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు అధికారి, ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ.

"మా ఆవిడకి ఉబ్బసమండి. మా వాచ్‌మన్ సాయంత్రమయ్యేసరికి గేటు పక్కన టైరు ముక్కలు, సెంట్రింగు చెక్కలు వేసి మంట పెడతాడు. ఆ పొగ తిన్నగా మా బాల్కనీలోకే వస్తుంది. మీరు చర్య తీసుకుంటారా, నన్ను కమిషనర్ గారికి రాయమంటారా?"

"కమిషనర్ గారెందుకండీ, రేపు నేనే వస్తాను" అన్నాను.

వెళ్లాను. వాచ్‌మన్ పేరు సాయిలు. పాలమూరు మనిషి. ఆ భవనం కట్టేటప్పుడు కూలీగా వచ్చి, కట్టడం అయ్యాక వాచ్‌మన్‌గా మిగిలాడు. భార్య బాలమణి నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. ఆరేళ్ల కూతురు మంగ. నీళ్ల మోటారు పక్కన సిమెంటు ఇటుకలతో కట్టిన ఒంటి గది వాళ్ల ఇల్లు. పైన సిమెంటు రేకులు, ఒక తలుపు, గోడకు ఒక చిన్న వెంటిలేటర్. గదిని నేను బయటి నుంచే చూశాను.

"టైర్లు కాలబెడితే అందరికీ రోగాలొస్తయి, తెల్సా?" అన్నాను సాయిలుతో.

"తెల్సు సార్. చలికి ఏం జెయ్యమంటరు? కట్టెలు కొందామంటె ఏడ దొరుకుతయి ఈడ?"

సరిగ్గా అప్పుడే నా కన్ను గేటు బయట ఎండలో నిలబడ్డ ఇస్త్రీ బండి మీద పడింది. బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో నడిచే ఆ బండి యాదగిరిది. ఎండ తగలకుండా గేటు లోపల మెట్ల కింద నీడలో పెట్టుకోనివ్వమని అతను ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడట, విశ్వనాథం గారు ఒప్పుకోవడం లేదట. ఇంకేం, నాలోని దుకాణదారు లేచి కూర్చున్నాడు. యాదగిరి బండి లోపలికి వస్తుంది. బదులుగా అతను రోజూ సాయంత్రం సాయిలుకి ఒక గంపెడు బొగ్గులిస్తాడు. సాయిలు టైర్లు మానేసి కుంపటి పెట్టుకుంటాడు. బొగ్గులకు పొగ రాదు కాబట్టి విశ్వనాథం గారి భార్య హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.

విశ్వనాథం గారు కాసేపు గింజుకుని, "సరే కానివ్వండి. మీరు లాయరు కావాల్సిన వారండి" అన్నారు.

బాలమణి మాత్రం తలుపు దగ్గర నిలబడి అడిగింది. "కుంపటి లోపట వెట్టుకోవచ్చా సార్? బయట గాలికి ఆగదు."

నేను నవ్వాను. "మీ ఊర్ల బాలింతకు మంచం కింద కుంపటి పెట్టరా ఏంది? గట్లనే అనుకో."

ఆమె కూడా నవ్వింది. "అవు, మంగ పుట్టినప్పుడు నాకు గూడ వెట్టిండ్రు."

ఆఫీసుకొచ్చి ఫిర్యాదుల రిజిస్టర్లో ఆ పేజీ తీసి, చివరి గడిలో 'డిస్పోజ్డ్' అని రాశాను. అంటే పరిష్కారమైంది, ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తనక్కర్లేదు అని. పావుగంటలో ముగ్గుర్ని ఒప్పించిన కథ ఆ సాయంత్రం టీ దగ్గర తోటివాళ్లకు చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి మస్టర్ ఉంది. మస్టర్ అంటే సఫాయి కార్మికుల హాజరు, వీధిలోనే నిలబెట్టి తీసుకునేవాళ్లం. అది అయ్యాక ఆ వీధి ఊడ్చే పోచమ్మ వెంట నడిచాను. నిజం చెప్పాలంటే పని మీద కాదు, నాలుగు మెచ్చుకోలు మాటలు వినొచ్చని.

అపార్ట్‌మెంట్ ముందు నలుగురైదుగురు బాల్కనీల్లోంచి కేకలేస్తున్నారు. కుళాయిల్లో నీళ్లు లేవు. రోజూ అయిదున్నరకు మోటారు వేసే సాయిలు ఇంకా లేవలేదు. విశ్వనాథం గారు మంకీ క్యాప్ పెట్టుకుని కిందికి దిగి గది తలుపు బాదుతున్నారు.

"చూశారా అండీ? వెచ్చగా పడుకోవడం అలవాటైంది దొరగారికి!"

నేనూ తలుపు తట్టాను. జవాబు లేదు. తలుపు కింది సందులో లోపలి నుంచి గోనెసంచి కుక్కి ఉంది. పైన వెంటిలేటర్‌కు సిమెంటు సంచులు దట్టంగా బిగించి ఉన్నాయి.

పోచమ్మ చీపురు కింద పడేసింది. "లోపట ఏమన్న అంటువెట్టిండ్రా సార్?"

"బొగ్గుల కుంపటి. పొగేం రాదు లే."

"పొగ రాదా!" అని ఆమె నన్ను పక్కకు నెట్టింది. "మా ఆడబిడ్డ గిట్లనే పోయింది బాలింత గదిల. జరుగుండ్రి!"

కాలితో రెండు తన్నులు తన్నింది. గడియ ఊడింది, కానీ తలుపు సగమే తెరుచుకుంది. వెనక ఏదో అడ్డంగా ఉంది. అది సాయిలు. తలుపు దాకా పాకి వచ్చి, చెయ్యి పైకెత్తి గడియ అందుకోబోయి, అక్కడే పడిపోయినట్టున్నాడు.

ఆ గదిలోకి తల పెట్టిన క్షణం నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొగ లేదు. వాసన లేదు. గది వెచ్చగా, శుభ్రంగా ఉంది. మధ్యలో కుంపటి తెల్లటి బూడిద కప్పుకుని ఉంది. బాలమణి, మంగ ఒకే దుప్పట్లో ఆదమరిచి నిద్రపోతున్నట్టే ఉన్నారు. భయపడడానికి అక్కడ ఏమీ కనబడలేదు.

"ఏం జూస్తుండ్రు! బయటికి గుంజుండ్రి!" పోచమ్మ అప్పటికే మంగను భుజాన వేసుకుని ఆరుబయటికి పరుగెత్తుతోంది. నేను సాయిలు చంకల కింద చేతులు వేసి లాగాను. తల అటూ ఇటూ వేలాడింది. విశ్వనాథం గారు చెప్పులతోనే లోపలికి వెళ్లి బాలమణిని లాక్కొచ్చారు. ముగ్గుర్నీ మట్టి మీద పడుకోబెట్టాం. పిల్ల దగ్గింది. మిగతా ఇద్దరికీ ఊపిరి ఆడుతోందో లేదో తెలియడం లేదు.

ఆ ఉదయం ఆ రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. విశ్వనాథం గారు తన మారుతి కారు మీది గుడ్డ పీకి పారేసి స్టార్ట్ చేశారు. వెనక సీట్లో ముగ్గుర్నీ ఇరికించి, నేనూ ఇరుక్కున్నాను. "అద్దాలు దించండి, అన్నీ దించేయండి" అని ఆయన అరుస్తున్నారు. చలిగాలి ముఖాన కొడుతోంది. నా ఒళ్లో సాయిలు తల ఉంది. దారి పొడుగునా నా నోట్లో ఒకటే మాట: పొగ రాలేదు కదా, పొగ రాలేదు కదా.

నర్సింగ్ హోమ్‌లో ఆక్సిజన్ పెట్టారు. వయసులో చిన్నదైన డాక్టరమ్మ బయటికొచ్చి అడిగింది.

"గదిలో బొగ్గులు పెట్టుకోమని ఎవరు చెప్పారు వీళ్లకి?"

"నేనే" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నిదానంగా వివరించింది. బొగ్గు మూసిన గదిలో కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట అది వచ్చి కూర్చుంటుంది. టైరు పొగైతే కళ్లు మండి, దగ్గొచ్చి, మనిషి లేచి బయటికి పరుగెత్తుతాడు. ఇది అలా లేవనివ్వదు.

"మరి ఊళ్లల్ల బాలింతలకు పెడతరు కద డాక్టరమ్మా?" అని ఇంకా వాదించబోయాను. బుద్ధి ఎక్కడికి పోతుంది!

"అవి పెంకుటిళ్లు. సందుల్లోంచి గాలి పోతుంది. అక్కడ కూడా పోయినవాళ్లున్నారు. బాలింత వాతం కొట్టిందని చెప్పి పూడ్చేస్తారు."

నేను వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను. చిన్నప్పటి నుంచి ఎన్నో బేరాల్లో మోసపోయాను, కొన్నింట్లో మోసం చేశాను. కానీ నేను కుదిర్చిన బేరంలో ఒక కుటుంబం ప్రాణాలు త్రాసులో ఉన్నాయని, ఆ త్రాసు నా చేతిలోనే ఉందని ఏనాడూ అనుకోలేదు. మంగ మధ్యాహ్నానికి నీళ్లడిగింది. సాయంత్రానికి బాలమణి కళ్లు తెరిచింది. సాయిలు మర్నాటి దాకా తెరవలేదు.

తెరిచాక నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. మాట ముద్దగా వచ్చింది.

"సార్... పొగ ఏం రానియ్యలే. మల్ల ఎవరన్న కంప్లెంట్ ఇచ్చిండ్రా?"

విశ్వనాథం గారు గది బయటికి వెళ్లిపోయారు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. నాకు ఏడుపు కూడా రాలేదు.

బాలమణి చెప్పింది విని ఇంకా బిత్తరపోయాను. అంతకుముందు రెండు రాత్రులు కూడా వాళ్లకు తలనొప్పి, వికారం ఉన్నాయట.

"తలకాయ ఒకటే నొచ్చుడు సార్. చలి వట్టింది అనుకున్న. ఇంకో నాలుగు బొగ్గులు ఏసిన."

వారం తిరక్కుండా గదికి రెండో వెంటిలేటర్ కొట్టించారు. విశ్వనాథం గారు గేటు పక్కన గాలి తగలకుండా మూడు వైపులా గోడ లేపించి, పైన రేకు వేయించి, కట్టెలు తెప్పించారు. మంట అక్కడే. పొగ వస్తే ఆయన బాల్కనీ తలుపు వేసుకునేవారు. యాదగిరి బండి నీడలోనే ఉండిపోయింది.

నేను రిజిస్టర్లో ఆ 'డిస్పోజ్డ్' కొట్టేసి జరిగింది రాశాను. నా సలహా సంగతి కూడా రాశాను. మెమో వచ్చింది, రావాల్సిందే. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫిర్యాదు ఇచ్చినవాళ్ల ఇల్లు ఎవరైనా చూస్తారు. ఎవరి మీద ఇచ్చారో వాళ్ల ఇంట్లోకి కూడా వెళ్లి, తలుపు వేసుకుని, లోపల కాసేపు నిలబడ్డాకే సంతకం పెట్టేవాణ్ని.

జాగ్రత్తల కాగితం చింపేసి కొత్తది రాసుకుని బాలమణి దగ్గరికి వెళ్లి చదివాను. 'గాలి ప్రసరణ లేని గదులయందు బొగ్గుల కుంపట్లు వినియోగించరాదు' అని మొదలైంది.

"గిట్ల జెప్తె ఎవలకు సమజైతది సార్?" అంది. "నేను జెప్పినట్టు రాసుకోండ్రి."

రాసుకున్నాను. మర్నాడు సాయంత్రం మైకు ఆటో గచ్చిబౌలి వైపు కూలీల గుడిసెల మధ్యకు వెళ్తే నేను ముందు సీట్లో కూర్చుని నా గొంతుతోనే చదివాను.

"లోపట బొగ్గులు వెట్టుకోని తలుపు వెయ్యకుండ్రి. అది కనవడది, వాసన రాదు. తలకాయ నొస్తే ఇంకో బొగ్గు ఎయ్యకుండ్రి, తలుపు తెరువుండ్రి. పిల్లల్ని దీస్కోని బయటికి రాండ్రి. చలికి మనిషి వణుకుతడు గని, దీనికి లేవడు."

ఒక రేకుల గుడిసె ముందు పిండి పిసుకుతున్న ఆమె చెయ్యెత్తి ఆటో ఆపింది. "ఇంకోపారి చెప్పు అన్నా" అంది. చెప్పాను. ఆమె పిండి చేతులతోనే లేచి, కిటికీకి కుక్కిన గోనెసంచి పీకి బయటికి విసిరేసింది.